రెండున్నరేళ్ల బాబుకు టీవీ చూపిస్తే సైన్ లాంగ్వేజ్ వస్తుందా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బాబుకు రెండేళ్ల ఎనిమిది నెలలు. రెండు చెవులూ బాగా తక్కువ వినపడతాయని ఆలస్యంగా తెలిసింది. హియరింగ్ ఎయిడ్స్ పెట్టించారు, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) గురించి ఆలోచిస్తున్నారు. ఈలోగా యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల సైన్ లాంగ్వేజ్ పిల్లల కార్యక్రమం ఒకటి దొరికితే పెద్ద టీవీలో పెట్టారు. బాబు కొద్ది రోజుల్లోనే పాలు, ఇంకా కావాలి అనే సైగలు పట్టేశాడు. ఇప్పుడు రోజూ ఇలాగే పెడితే భాష వచ్చేస్తుందా, ఏ కార్యక్రమాలు మంచివి అని అడుగుతున్నారు. సైగలు అలవాటైతే ఇక మాట రాదని ఇంట్లో అత్తగారు, బయట స్పీచ్ థెరపిస్టు భయపెడుతున్నారని కూడా రాశారు.

నేను చాలా ఏళ్లుగా వినపడని చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వాళ్ల అమ్మానాన్నలకు భారతీయ సంజ్ఞా భాష నేర్పడం కూడా నా పనిలో భాగమే. ఆ అనుభవంతో చెబుతున్నాను. టీవీ చూసి పిల్లలకు సైగలు వస్తాయి, అందులో అనుమానం అక్కర్లేదు. భాష మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు ఆ సైగలతో బాబుతో రోజంతా మాట్లాడితేనే వస్తుంది. అందుకని ఆ కార్యక్రమాలు చూసి నేర్చుకోవాల్సింది ముందు మీరు. బాబు మీ పక్కన కూర్చుని చూస్తాడు.

ఇప్పుడు వివరంగా చూద్దాం. ముందుగా, బాబు నేర్చుకున్నవి అమెరికన్ సైన్ లాంగ్వేజ్ సైగలు. పిడికిలి నొక్కి వదులుతూ ఉంటే పాలు, రెండు చేతుల వేళ్ల కొనలు ఒకచోట చేర్చి తాకిస్తే ఇంకా కావాలి. ఇవి అక్కడి సైగలు. ప్రపంచమంతటికీ ఒకే సైగల భాష ఉంటుందని చాలామంది అనుకుంటారు, అలా లేదు. అమెరికాలో 1817లో హార్ట్‌ఫర్డ్‌లో పెట్టిన బధిరుల బడికి ఫ్రాన్స్ నుంచి లారెంట్ క్లెర్క్ అనే బధిర ఉపాధ్యాయుడు వెళ్లాడు. అందుకే అమెరికా సైగలకు ఫ్రెంచి సైగలతో దగ్గర చుట్టరికం. ఇంగ్లిష్ మాట్లాడే బ్రిటన్ సైగలు మాత్రం వేరే. మన దేశంలోని బధిరులు వాడేది భారతీయ సంజ్ఞా భాష, అందరూ ఐఎస్ఎల్ అంటారు. ఇంగ్లిష్ అక్షరాలు చూపించడానికి అమెరికా వాళ్లు ఒక చెయ్యి వాడితే మనవాళ్లు బ్రిటన్ పద్ధతిలో రెండు చేతులు వాడతారు. ఎడమచేతి అయిదు వేళ్ల కొనలే అయిదు అచ్చులు. కుడి చూపుడువేలితో ఏ వేలిని తాకితే ఆ అచ్చు అన్నమాట.

తెలుగు సైగల భాష అని వేరే ఉందా అని కూడా చాలామంది అడుగుతారు. లేదు. మదన్ వశిష్ట, జేమ్స్ వుడ్‌వర్డ్ అనే పరిశోధకుల బృందం 1970లలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, బెంగళూరు బధిరుల సైగలు సేకరించి పోల్చింది. ఆ నాలుగు ఊళ్ల మాటల భాషలు వేరైనా సైగల్లో ఎక్కువ భాగం ఒకదానికొకటి సంబంధం ఉన్నవేనని తేలింది. రంగులు, వారాలు, చుట్టరికాల వంటి చోట్ల ఊరికో తేడా ఉంటుంది. విజయవాడ అమ్మాయి, ఢిల్లీ అబ్బాయి ఎదురుపడితే కాసేపట్లో కుదురుకుని మాట్లాడుకుంటారు. మీ బాబు రేపు బడిలో, హాస్టల్లో, ఉద్యోగంలో కలవబోయేది ఆ మనుషులనే. కాబట్టి అమెరికా కార్యక్రమం మెల్లగా తగ్గించి ఐఎస్ఎల్ వైపు రండి. ఇప్పటికే వచ్చిన సైగల్ని బలవంతంగా మాన్పించకండి. మీరు ఐఎస్ఎల్ సైగ చేస్తూ ఉంటే వాడే మార్చుకుంటాడు. ఈ వయసులో అది వారం పది రోజుల పని.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లైతే నా సలహా తిరగబడుతుంది. వాళ్ల పిల్లలు చదివేది అక్కడి బడుల్లో కాబట్టి అమెరికన్ సైన్ లాంగ్వేజే నేర్పాలి. వాళ్లకు మంచి కార్యక్రమాలు కూడా ఉన్నాయి. సైనింగ్ టైమ్ అనేది రేచల్ కోల్మన్ అనే తల్లి, ఆమె తోబుట్టువు కలిసి 2002లో మొదలుపెట్టారు. రేచల్ కూతురికి వినపడదు. చుట్టుపక్కల పిల్లలకు తన కూతురితో మాట్లాడటం రావాలన్న కోరికతో తీసిన వీడియోలవి, తర్వాత అక్కడ లాభాపేక్ష లేకుండా నడిచే పబ్లిక్ టీవీ స్టేషన్లలో కూడా వచ్చాయి. దాని ఉద్దేశం గమనించండి. వినపడని పాపకు నేర్పడంకన్నా, ఆ పాప చుట్టూ ఉన్న వినపడే పిల్లలకు నేర్పడం. సరైన ఆలోచన అది. నాకు అందుకే ఆ కార్యక్రమం అంటే గౌరవం.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. అక్కడ బీబీసీ పిల్లల ఛానెల్లో 2003 నుంచి వస్తున్న సమ్‌థింగ్ స్పెషల్ చాలా పేరున్న కార్యక్రమం, అందులోని మిస్టర్ టంబుల్ పాత్ర అంటే అక్కడి పసిపిల్లలందరికీ తెలుసు. అందులో వాడేది మకటాన్ అనే పద్ధతి. మాట్లాడుతూనే వాక్యంలో ముఖ్యమైన మాటలకు సైగ చేస్తారు. మొదట వినపడక, నేర్చుకోవడంలో కూడా ఇబ్బంది ఉన్న పెద్దవాళ్ల కోసం 1970లలో తయారుచేసిన పద్ధతి అది, ఇప్పుడు మాట ఆలస్యమైన పిల్లలకు, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఎంతో మేలు చేస్తోంది. అయితే అది బధిరుల భాష కాదు, దానికి సొంత వ్యాకరణం లేదు. వినపడని పాపకు అదొక్కటే చూపించి సరిపెట్టకూడదు.

ఇక టీవీ ఎంతవరకు నేర్పగలదు అన్న సంగతి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా భాష వినిపించారు. కొందరికి మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడారు, కొందరికి అదే మనిషి వీడియో చూపించారు. మనిషితో ఆడుకున్న పిల్లలు ఆ భాష శబ్దాలను గుర్తుపట్టగలిగారు, వీడియో చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు. వీడియో ఎదురు పలకదు. పిల్లవాడు ఎటు చూస్తున్నాడో దానికి తెలియదు.

సైగల విషయంలో పరిస్థితి కొంత నయం. షోషనా దయానిమ్, లారా నేమీ 2015లో ప్రచురించిన అధ్యయనంలో పదిహేను నెలల వినపడే పిల్లలకు వీడియో ద్వారా సైగలు నేర్పి చూశారు. వీడియో చూసిన పిల్లలు కూడా కొన్ని సైగలు చేయగలిగారు. చెయ్యి కంటికి కనిపిస్తుంది, అనుకరించడం సులువు కాబట్టి ఇది సహజమే. కానీ కొన్నాళ్ల తర్వాత గుర్తుంచుకోవడంలో పెద్దవాళ్ల సాయంతో నేర్చుకున్న పిల్లలే ముందున్నారు. మీ బాబు విషయంలో జరిగింది కూడా ఇదే. పాలు, ఇంకా అనే సైగలు నిలిచాయంటే బాబు అవి చేయగానే మీరు గ్లాసు తెచ్చి ఇచ్చి ఉంటారు. టీవీ చూపించిన సైగకు అర్థం తెచ్చింది మీరు. అదే కార్యక్రమంలో ఏనుగు, రైలు, మంచు కూడా వచ్చి ఉంటాయి. అవి ఎందుకు రాలేదో ఆలోచించండి.

వినపడని పిల్లలకు, మామూలు పిల్లలకు టీవీ చూడటంలో ఒక పెద్ద తేడా ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. వినపడే పాప బొమ్మ చూస్తూనే అమ్మ మాట వింటుంది. "అదిగో చూడు ఆవు, గడ్డి తింటోంది" అని మీరు పక్కనుంచి అంటే ఆవు మీదనుంచి కన్ను తిప్పకుండానే ఆ మాట చెవిన పడుతుంది. మీ బాబుకు బొమ్మ చూడటానికీ, మాట అందుకోవడానికీ ఉన్నవి ఆ రెండు కళ్లే. ఆవును చూస్తే మీ చేతులు కనపడవు, మీ చేతులు చూస్తే ఆవు వెళ్లిపోతుంది. ఈ కళ్లు తిప్పడం అనే పని బధిర తల్లిదండ్రులు పసితనం నుంచే నేర్పడం మొదలుపెడతారు. వాళ్లు పిల్ల చూసేదాకా ఆగుతారు. బొమ్మ పక్కనే చెయ్యి పెట్టి సైగ చేస్తారు, లేదా పిల్ల ఒంటిమీదే సైగ చేసి చూపిస్తారు. మనం వినేవాళ్లం కాబట్టి మనకు ఆగడం రాదు. నోటితో గబగబా చెప్పేసి, పిల్లవాడు పట్టించుకోవట్లేదు అనుకుంటాం.

అందువల్లే మూలన చిన్న డబ్బాలో ఒక మనిషి సైగలు చేసే కార్యక్రమాలు ఇంత చిన్న పిల్లలకు పనికిరావని నా అభిప్రాయం. పెద్దవాళ్లకు, వార్తలకు ఆ డబ్బా చాలా అవసరం. మూడేళ్ల పిల్లవాడికి మాత్రం పెద్ద తెరమీద కుందేలు ఎగురుతుంటే మూలనున్న అంగుళమంత చేతుల మీద చూపు ఎలా నిలుస్తుంది? నిలిచినా ఆ చేతులు చెబుతున్నది కుందేలు గురించే అని వాడికెలా తెలుస్తుంది? చిన్నపిల్లల కార్యక్రమంలో సైగ చేసే మనిషి కథ లోపల ఉండాలి. కుందేలును ఒడిలో పెట్టుకుని, మన కళ్లలోకి చూసి, ఆగి, అప్పుడు సైగ చేయాలి. చేతులు, ముఖం, నడుము దాకా నిండుగా కనపడాలి. ముఖం మరీ ముఖ్యం. ఐఎస్ఎల్‌లో ప్రశ్న అడుగుతున్నామా, కాదంటున్నామా, ఎంత పెద్దది, ఎంత కోపం అన్నది కనుబొమ్మలు, బుగ్గలు, పెదాలు చెబుతాయి. చేతులు మాత్రమే చూపించే యానిమేషన్ బొమ్మల వీడియోలు చూస్తే నాకు బాధేస్తుంది, సగం భాష అక్కడే పోతుంది.

ఈ పని ఎప్పుడో, ఎంతో బాగా చేసినది సెసమీ స్ట్రీట్ అనే అమెరికా కార్యక్రమం. 1969లో మొదలైంది. అందులో లిండా బోవ్ అనే బధిర నటి 1971లో తొలిసారి కనిపించింది, తర్వాత ఆ కార్యక్రమం కథ జరిగే వీధి మనిషే అయిపోయి మూడు దశాబ్దాలు ఉంది. అక్కడ ఆమె పేరు కూడా లిండాయే. లైబ్రరీ నడుపుతుంది, కుక్కను పెంచుకుంటుంది, స్నేహితులతో సరదాగా గడుపుతుంది, కోపం వస్తే కోప్పడుతుంది. సైన్ లాంగ్వేజ్ పాఠం అని బోర్డు పెట్టలేదు. ఆ వీధిలో ఉండేవాళ్లు లిండాతో మాట్లాడాలి కాబట్టి సైగలు చేసేవాళ్లు, చూసే పిల్లలకు అవి అలా వచ్చేశాయి. వినపడని పిల్లలకు తమలాంటి పెద్ద మనిషి టీవీలో ఉద్యోగం చేసుకుంటూ, నవ్వుతూ, అందరిలో ఒకరిగా కనిపించడం ఎంత బలమో మనం ఊహించలేం. బ్రిటన్‌లో 2022లో రోజ్ ఐలింగ్-ఎలిస్ అనే బధిర నటి పిల్లల నిద్రవేళ కథను మొత్తం బ్రిటిష్ సైగల్లో చెప్పినప్పుడు కూడా ఇదే జరిగింది. తెర మొత్తం ఆమెదే, మూలన డబ్బా లేదు.

మన దగ్గర సంగతికొస్తే, దూరదర్శన్ 1987లోనే బధిరుల కోసం వారానికోసారి వార్తలు మొదలుపెట్టింది. మన ఇళ్లలో చాలామంది పెద్దలు టీవీలో సైగల భాషను మొదట చూసింది అక్కడే. తర్వాత చాలాకాలం పెద్దగా ఏమీ జరగలేదు. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడ్డాక కదలిక వచ్చింది. వాళ్లు తెచ్చిన వీడియో నిఘంటువు 2018లో మూడు వేల మాటలతో మొదలై 2021కి పది వేలకు చేరింది. ఒక్కో మాటకు ఒక చిన్న వీడియో, యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. మీకు రోజూ పనికొచ్చేది ఇదే. ఎన్సీఈఆర్టీతో 2020లో ఒప్పందం చేసుకుని పాఠ్యపుస్తకాలను సైగల్లోకి మారుస్తున్నారు. 2024 డిసెంబరు 6న కేంద్ర ప్రభుత్వం చదువుల కోసం నడిపే పీఎం ఈ-విద్య ఛానెళ్లలో 31వ నంబరు ఛానెల్ ఐఎస్ఎల్ కోసమే మొదలైంది, డిష్ ఉన్న ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ వస్తుంది. యూట్యూబ్‌లో కూడా చూడొచ్చు.

ఇవన్నీ మంచివే. కానీ ఎక్కువగా బడి పిల్లల కోసం, వాళ్లకు చదువు చెప్పేవాళ్ల కోసం చేసినవి. మీ బాబులాంటి మూడేళ్ల లోపు పిల్లలు కూర్చుని చూసేలా, మన ఇళ్లు, మన వంటలు, మన వీధులు కనపడేలా, ఒక బధిర అక్కో అన్నో నడిపే కార్యక్రమం తెలుగు ఛానెళ్లలో కావాలి. రోజుకు పది నిమిషాలు చాలు. పండగ పూట గంటల తరబడి ప్రత్యేక కార్యక్రమాలు తీసే తెలుగు ఛానెళ్లకు ఇది పెద్ద ఖర్చు కాదు. వినికిడి లోపమున్నవాళ్లకు టీవీ కార్యక్రమాలు సైన్ లాంగ్వేజ్‌తోనో, సబ్ టైటిల్స్‌తోనో అందేలా చూడాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్లోనే ఉంది. చట్టం అనగానే అందరూ వార్తల గురించే ఆలోచిస్తారు. భాష పుట్టాల్సిన వయసు పిల్లల గురించి ముందు ఆలోచించాలని నా విన్నపం.

సరే, అలాంటి కార్యక్రమం వచ్చేదాకా ఆగలేం కదా. ఇంట్లో ఎలా చేయాలో చెబుతాను. రోజూ సాయంత్రం బాబు పడుకున్నాక మీరు, మీ ఆయన, వీలైతే అత్తగారు కలిసి నిఘంటువులో ఆ మర్నాటికి కావలసిన మాటలు ఓ నాలుగైదు చూడండి. నాలుగైదే. ఏబీసీడీలు, అంకెలు, జంతువుల జాబితాలతో మొదలుపెట్టకండి. తెల్లారి లేచింది మొదలు ఇంట్లో జరిగేవే తీసుకోండి. లే, స్నానం, నీళ్లు వేడి, అన్నం, పెరుగు, వద్దు, చెప్పులు, బయటికి, నాన్న వచ్చాడు, కరెంటు పోయింది. మీ ఇంట్లో మాత్రమే జరిగే సంగతులు కొన్ని ఉంటాయి, వాటికి నిఘంటువులో సైగ దొరక్కపోవచ్చు. దొరకనప్పుడు సొంతంగా ఏదో ఒకటి చేసి మాట్లాడటం ఆపకండి. తర్వాత ఎవరైనా బధిరులు కలిసినప్పుడు అడిగి సరిచేసుకోవచ్చు.

మర్నాడు ఆ మాటలున్న వీడియో బాబుతో కలిసి చూడండి. మీరు బాబు వెనక కూర్చోకండి, ఒడిలో కూడా వద్దు, ఎందుకంటే వాడికి మీ చేతులు కనపడవు. టీవీకి పక్కగా, వాడికి కొంచెం ఎదురుగా కూర్చోండి. రిమోట్ మీ చేతిలోనే ఉండాలి. ఒక సైగ వచ్చింది, ఆపండి. భుజం మీద మెల్లగా తట్టండి లేదా వాడి చూపు పడే చోట చెయ్యి ఊపండి. మీ వైపు తిరిగేదాకా ఆగండి. గడ్డం పట్టుకుని ముఖం తిప్పకండి, అలా చేస్తే కొన్నాళ్లకు వాడు కళ్లు మూసుకోవడం మొదలుపెడతాడు. తిరిగాక మీరు సైగ చేయండి, అసలు వస్తువు చూపించండి, మళ్లీ సైగ చేయండి. చెప్పులైతే చెప్పులు, పెరుగైతే పెరుగు గిన్నె. అప్పుడు వీడియో నడపండి. పది నిమిషాల వీడియో ఇలా చూస్తే అరగంట పడుతుంది, అది మంచిదే. బాబు చేసే సైగ మొదట్లో సరిగ్గా ఉండదు. వేళ్లు కుదరవు, చేతిని తల దగ్గర పెట్టాల్సింది చెంప దగ్గర పెడతాడు. చేతులు పట్టుకుని దిద్దకండి. "అన్నం" అని వాడు అడ్డదిడ్డంగా చేసినా మీరు సరిగ్గా చేసి చూపించి అన్నం పెట్టండి. నోటి మాట నేర్చుకునే పిల్ల "అన్నం"ను "అమ్మం" అంటే ఎలా తీసుకుంటామో ఇదీ అంతే.

తర్వాత టీవీ కట్టేయండి, ఆ సైగ రోజంతా వాడండి. ఈ మాట మళ్లీ చెబుతున్నానని విసుక్కోకండి. రెండేళ్ల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు మొత్తం స్క్రీన్ సమయం గంట దాటకూడదని మన పిల్లల వైద్యుల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. సైన్ లాంగ్వేజ్ కార్యక్రమమైనా ఆ గంటలోనే ఉండాలి. వీడియో కాల్ సంగతి వేరు. అవతల బధిర మనిషి ఉండి మీ బాబును చూస్తూ, వాడు నవ్వితే నవ్వుతూ సైగలు చేస్తే, అది మనిషితో మాట్లాడటమే.

వాక్యాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే టీవీ కార్యక్రమాలు విడి మాటల దగ్గరే ఆగిపోతాయి. తెలుగువాళ్లకు ఐఎస్ఎల్ వాక్యం వింతగా అనిపించదు. క్రియ చివరికి వస్తుంది, ప్రశ్న మాట కూడా చివరనే వస్తుంది. "నీ పేరు ఏమిటి" అని మనం ఎలా అంటామో అలాగే నీ, పేరు, ఏమిటి. మన కి, లో, తో లాంటి విభక్తులు విడిగా ఉండవు, ఎవరు ఎక్కడ ఉన్నారో గాలిలో చోటు చూపించి చెబుతారు. కాబట్టి మొదటి నెల దాటగానే రెండేసి మాటలు కలపండి. నాన్న రాలేదు. పాలు వేడి. చెప్పులు ఎక్కడ? బాబుకు విడి సైగలు నలభై వచ్చినా రెండు కలిపి చేయట్లేదంటే, ఇంట్లో పెద్దవాళ్లు కలిపి చేయట్లేదని అర్థం.

అత్తగారి భయం గురించి. ఈ భయం మన ఇళ్లలో అందరికీ ఉంటుంది, అందులో ప్రేమే ఉంది. బాబు మాట్లాడాలని ఆవిడ కోరిక. ఆవిడకు ఇలా చెప్పండి. పుట్టినప్పటి నుంచి ఇంట్లో సైగల భాష చూసిన బధిర శిశువులు, వినే పిల్లలు "బబబ" అన్నట్టే, చేతులతో అర్థం లేని సైగలు ఆడతారని పెటిటో, మారెంటెట్ అనే పరిశోధకులు 1991లోనే చూపించారు. మెదడుకు కావలసింది భాష. అది చెవి ద్వారా వచ్చినా కంటి ద్వారా వచ్చినా తీసుకుంటుంది. బధిర తల్లిదండ్రులకు పుట్టి, చిన్నప్పటి నుంచి సైగలు చేస్తూ, కాక్లియర్ ఇంప్లాంట్ కూడా పెట్టించుకున్న పిల్లల మీద డేవిడ్సన్, లిల్లో-మార్టిన్, చెన్ పిక్లర్ 2014లో చేసిన అధ్యయనం ఉంది. చిన్న అధ్యయనమే కానీ, ఆ పిల్లల ఇంగ్లిష్, బధిర తల్లిదండ్రులున్న వినే పిల్లల ఇంగ్లిష్‌తో సమానంగా ఉందని తేలింది. సైగలు మాటను తినేయలేదు.

ఇంప్లాంట్ వద్దని నేను అనట్లేదు. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకాల్లో చిన్నపిల్లలకు ఆ ఆపరేషన్ చేయిస్తున్నారు, దానివల్ల బాగా మాట్లాడుతున్న పిల్లలు ఉన్నారు. డాక్టరు చేయించమంటే వయసు దాటకుండా నిర్ణయం తీసుకోండి. నా బాధంతా ఆ మధ్య కాలం గురించే. పరీక్షలు, అనుమతులు, ఆపరేషన్, మెషిన్ ఆన్ చేయడం, తర్వాత థెరపీ. ఇదంతా జరిగేలోపు బాబుకు మూడేళ్లు దాటతాయి. ఆ కాలంలో వాడికి ఏ భాషా ఇవ్వకుండా ఖాళీగా ఉంచడం అన్నిటికన్నా పెద్ద నష్టం. భాష లేకుండా అయిదేళ్లు గడిచిన పిల్లలు బడికి వస్తే ఎంత కష్టమో నేను రోజూ చూస్తున్నాను. ఆకలి, భయం, నిన్న, రేపు, ఎందుకు, ఇవేవీ చెప్పుకోవడానికి వాళ్లకు దారి ఉండదు. థెరపిస్టుతో గొడవపడకండి. థెరపీ మానకండి, మెషిన్ తీయకండి, ఇంట్లో సైగలు కూడా చేస్తాం అని మర్యాదగా చెప్పండి.

ఇది చదివే ఇతర తల్లులు తమ వినే పిల్లలకు కూడా ఈ వీడియోలు పెడితే తెలివి పెరుగుతుందా అని అడుగుతారు కాబట్టి ఆ మాట కూడా చెప్పేస్తాను. పసిపిల్లల సైగలు నేర్పే కోర్సులు అలా చెప్పి అమ్ముతుంటాయి. బ్రిటన్‌లో ఎలిజబెత్ కర్క్ బృందం 2013లో నలభై మంది తల్లులూ పిల్లల మీద చేసిన అధ్యయనంలో సైగలు నేర్చిన పిల్లలకు మాట ముందుగా రావడం కనిపించలేదు. హానీ లేదు. పక్కింట్లో వినపడని పిల్లాడు ఉంటే వాడితో ఆడుకోవడానికి నేర్పండి, అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

చివరిగా, టీవీ ఇవ్వలేనిది ఒకటుంది, బధిర పెద్దల పరిచయం. వినపడని పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినే ఇళ్లలోనే పుడతారు. దానివల్ల పదేళ్లు వచ్చేదాకా ఒక్క బధిర పెద్దమనిషిని కూడా చూడని పిల్లలు ఉన్నారు. అలాంటి పిల్లలు పెద్దయ్యాక తమకు చెవులు వచ్చేస్తాయని అనుకుంటారు, ఎందుకంటే వాళ్లు చూసిన పెద్దలందరికీ వినపడుతుంది. మీ జిల్లా కేంద్రంలో బధిరుల సంఘం ఉందేమో వాకబు చేయండి, నెలకోసారి బాబును తీసుకెళ్లండి. మీరు ఏడాది పాటు వీడియోలు చూసి నేర్చుకున్నదానికన్నా అక్కడ ఒక పూటలో ఎక్కువ వస్తుంది. బాబుకు అక్కడే ఒక పేరు సైగ కూడా పెడతారు. వాడి ముఖంలోనో నడకలోనో ఏదో ఒక గుర్తు పట్టి పెడతారు. దాన్ని ఇంట్లో మీరు పెట్టకుండా వాళ్లకే వదిలేయండి, అది వాళ్ల ఆనవాయితీ.

మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను కలవండి. బాబు వయసు చిన్నదే అయినా సలహా ఇస్తారు, ఇతర తల్లుల పరిచయం కూడా అవుతుంది. సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో వినికిడి పరీక్షలు, థెరపీ ఉంటాయి, తల్లిదండ్రులకు సైన్ లాంగ్వేజ్ తరగతులు ఉన్నాయేమో అడగండి. ఎక్కడికి వెళ్లినా ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష ఫలితం), హియరింగ్ ఎయిడ్ కాగితాలు, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ వెంట తీసుకెళ్లండి. సదరం ఇంకా చేయించకపోతే ఈ వారమే స్లాట్ బుక్ చేయండి, మిగతా చాలా పనులు దాని మీదే ఆధారపడి ఉంటాయి.